స్వామివారి అంబాసిడర్‌కు కొత్త వైరింగు

"తొక్కండి మేష్ట్రే" అంటుంది నా పాదాల దగ్గరి నుంచి ఒక గొంతు, నేను తొక్కుతాను. "ఇడవండి" అంటుంది, విడుస్తాను. పద్నాలుగు భువనాల్లో ప్రస్తుతం నాకు మిగిలిన అధికారం ఇంతే, ఒక బ్రేకు పెడలును తొక్కడమూ విడవడమూ, అదీ నా ఇష్టాన కాదు, డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకొని కాళ్ళు రెండూ తలుపు బయటికి చాచిన బట్లహళ్ళి పిళ్ళప్ప ఇష్టాన. గంగులనూ నొళంబులనూ సింహాసనాలెక్కించి దించిన వాణ్ణి నేను, పదవీ విరమణ దాకా చిక్కబళ్ళాపురం కాలేజీలో చరిత్ర చెప్పిన అనంతపద్మనాభను, నా పాఠం నడిచేటప్పుడు కిటికీ మీది పిచ్చుక కూడా సెలవడిగి ఎగిరేది. ఈ పిళ్ళప్ప నోట స్క్రూడ్రైవరు కరుచుకొనే నన్ను ఆజ్ఞాపిస్తాడు, పైగా మేష్ట్రే అంటాడు, ఎక్కాలు వల్లె వేయించే వాళ్ళను పిలిచే పిలుపుతో. ఉపన్యాసకుడన్న మాటకు అతని నోరు తిరగదు, తిరిగినా స్క్రూడ్రైవరు అడ్డం. "అది క్లచ్చు మేష్ట్రే. యాడ తొక్కుతాండారు?" అవును, క్లచ్చు. చక్రవర్తులు కూడా ఒక్కోసారి పొరపాటున పక్క రాజ్యాన్ని తొక్కేవారు, వాళ్ళనెవరూ ఇట్లా నిలదీయలేదు. ఎదురుగా, షెడ్డు బయట, చేలూరు రోడ్డు దుమ్ములో, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మీద, కాలు మీద కాలు వేసుకొని, నా చిన్నాన్న కొడుకు అనిరుద్ధ ఈ పరాభవాన్నంతా తీరిగ్గా చూస్తున్నాడు. ఆ కుర్చీ కాలు విరగాలని గంట నుంచి మనసులోనే జపం చేస్తున్నాను. విరగలేదు. ప్లాస్టిక్కు కూడా దాయాదుల పక్షమే. అతని వెనక తెల్లని బొలెరో, పొద్దునే కడిగినట్టుంది, వాడి బుద్ధిలాగా పైపైన మెరుస్తూ.

వాడు చూడటానికి వచ్చాడు, సందేహం లేదు. ఓటమిని దగ్గరి నుంచి చూడటానికి టిక్కెట్టు లేని సీటు దొరికితే బాగేపల్లి నుంచి ఎవరైనా వస్తారు. ఇంకొంచెం సేపట్లో ఉత్సవ సమితి అధ్యక్షుడు రామచంద్రప్ప ఈ దారినే చిక్కబళ్ళాపురం ప్రెస్సుకు పోతూ ఇక్కడ ఆగుతాడు. అతని సంచిలో తిరునాళ్ళ ఆహ్వాన పత్రిక ప్రూఫు ఉంది, అందులో అన్నీ అచ్చుకు సిద్ధం, ఒక్క వరస తప్ప: వాహన సేవ, దాని ఎదుట ఖాళీ. ఈ కారు దీపాలూ, కారు మీద స్వామివారి బల్బుల ప్రభా, రామచంద్రప్ప కళ్ళ ముందు వెలిగితే ఆ ఖాళీలో నా పేరు. వెలగకపోతే అనిరుద్ధ పేరు, ఈ ఏటికే కాదు, ఇక మీదట ఎప్పటికీ, సమితి తీర్మానం అట్లాగే ఉంది. ఆ వరసలో పేరున్నవాడికి వేణుగోపాలస్వామి మొదటి తీర్థం, మొదటి శఠారి, తలకు పట్టు పరివట్టం. మా చింతామణిలో టమాటా మండీ యజమాని నుంచి మగ్గాల సావుకారు దాకా ఎవరూ డబ్బు పెట్టి కొనలేని జానెడు వెడల్పు గుడ్డ. నిరుడు దాన్ని వాడి తలకు కట్టారు. ఇవాళ దాన్నే తువ్వాలులాగా మెడ చుట్టూ వేసుకొని వచ్చాడు, చెమట తుడుచుకుంటున్నాడు. పరివట్టంతో చెమట తుడుచుకునేవాడు శత్రువుకే కాదు, పట్టుపురుగుకు కూడా శత్రువు.

కారు కథ అందరికీ తెలిసిందే, కానీ అందరూ తప్పుగా చెబుతారు. నేను హైస్కూల్లో ఉండగా స్వామి కొయ్యరథానికి ఇరుసు విరిగింది. కొత్త ఇరుసుకు తగిన మాను దొరికేలోగా ముహూర్తం మించిపోతుందని అర్చకులు చేతులు నలుపుకుంటుంటే, మా నాన్న ఇంటికి వెళ్ళి అప్పటికి కొత్తదైన ఈ అంబాసిడర్ తెచ్చి గుడి ముందు నిలిపాడు. పైకప్పు మీద పీఠం కట్టారు, పీఠం మీద స్వామిని కూర్చోబెట్టారు, గరుడ వాహనం, హనుమద్వాహనం, శేషవాహనం, పిదప అంబాసిడర్ వాహనం. ఆగమాల్లో లేదని ఒకరిద్దరు గొణిగారు. ఆగమాలు రాసినప్పుడు పెట్రోలు లేదని నాన్న సమాధానం. మాను తరవాత దొరికింది, ఇరుసు చేయించలేదు. తాత్కాలికం అన్న మాటకు మా ఊళ్ళో శాశ్వతమనే అర్థం చెప్పుకోవాలి. స్వామి వెనక అర్ధచంద్రాకారంలో ఒక ఇనప ప్రభ, దానికి బల్బులు, ఆ కరెంటు కారు బ్యాటరీ నుంచే. జనరేటరు చప్పుడు స్వామి వేణువుకు అడ్డమని కట్టుబాటు. మొదట ఆ ప్రభకు ఐదారు బల్బులే. తరవాత ఎవరింట్లో పెద్దవాళ్ళు పోయినా వాళ్ళ పేరన ఒక బల్బు సమర్పించే ఆచారం వచ్చింది. చిన్న రేకు ముక్క మీద పేరు, దాని పైన బల్బు. పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు, మా ఊరు ఆ విషయంలో ఎన్నడూ వెనకబడలేదు, ప్రభ ఏటేటా పెరిగి నెమలి పింఛం నుంచి పెళ్ళి పందిరి దాకా వచ్చింది. తిరునాళ్ళ సాయంత్రం ఊరేగింపు తిరుగుతుంటే ప్రతి ఇంటివాళ్ళూ మొదట తమ బల్బును చూసుకొని, అది వెలుగుతున్నదని నిశ్చయం చేసుకొని, ఆ పైన స్వామికి దండం పెడతారు.

"ఇండికేటరు కొట్టండి. ఎడమది." కొడతాను. టిక్కు టిక్కు మంటుంది. నాన్న కాలంలో అది మూలిగేది. "ఏమప్పా పిళ్ళప్పా, ఇంకెంతసేపు?" "సుమ్నే కూర్చోండప్పా. మీరు మాట్లాడితే నాకు వైరు రంగు మర్చిపోతాది." వీడు మొదటి రోజే నాన్నను అవమానించాడు. పాత వైరింగు బయటికి లాగుతూ, ఒక్కొక్క గజమూ బయటికి వచ్చినప్పుడల్లా నాలుక చప్పరించాడు, వైద్యుడు రోగిని కాక రోగి తండ్రిని చూసి చప్పరించినట్టు. నూలు గుడ్డ తొడిగిన పాత తీగలు, ఎలుకలు కొరికినవి, ఎండకు పెళుసెక్కినవి, ఇంజను నుంచి డిక్కీ దాకా ఒకే జడగా ఉండవలసినది నూరు చోట్ల అతుకులు పడి భూకంపం తరవాతి పట్టణంలాగా వచ్చింది. అతుకుల మీద ప్లాస్టరు, సైకిలు ట్యూబు ముక్క, తాడు దొరకని చోట నాన్న తన జీర్ణ యజ్ఞోపవీతంతో వేసిన కట్లు కూడా. "ఇదేమిది మేష్ట్రే, జంద్యమా? కారుకు ఒడుగు చేసినారా?" అని నవ్వాడు వీడు. నేను నవ్వలేదు. నాన్న దేన్నీ పారేయని మనిషి. దొరికినదానితో దొరకనిదాన్ని కట్టగల మనిషి. ఆయన కట్టింది ఆయనున్నన్నాళ్ళూ విడిపోలేదు. ఆ ప్రాచీన నాడీమండలమంతా ఇప్పుడు షెడ్డు మూలన కుప్పగా పడి ఉంది. దాని స్థానంలో బెంగళూరు నుంచి తెప్పించిన కొత్త వైరింగ్ కిట్, గోధుమ, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఒక్కో రంగుకు ఒక్కో వృత్తి, వర్ణధర్మం ఈ కాలంలో నిష్ఠగా పాటించేవి ఇవే కాబోలు. స్వామి ప్రభకు మాత్రం కిట్‌లో తీగ ఉండదు, ఏ కంపెనీవాడూ దేవుణ్ణి లెక్కలోకి తీసుకొని కారు చేయడు. దానికి పిళ్ళప్ప వేరే వరస లాగాడు, వేరే ఫ్యూజు పెట్టాడు. ఫ్యూజు అంటే ఏమిటో నాకే వివరించాడు: "లోడు ఎక్కువైతే అది సావాల, బండి బతకాల. అంతే." సామంతరాజు ధర్మం. నేను ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం.

నిరుడు కాలింది. దాన్ని తలచుకోకూడదనుకుంటాను, కానీ ఈ సీట్లో కూర్చుంటే ఆ వాసన రెగ్జిను లోపలి నుంచి లేచి పలకరిస్తుంది. స్వామి పైన, నేను కింద చక్రం పట్టుకొని, ముందు నాదస్వరం, నా తలకు పరివట్టం. మండీ వీధి మలుపులో డ్యాష్‌బోర్డు కింది నుంచి సన్నగా పొగ. మొదట నాకే తెలియలేదు, సాంబ్రాణి అనుకున్నాను. నేను అనుకుంటే పోనీ, జనమంతా సాంబ్రాణే అనుకున్నారు. పొగ కిటికీల గుండా లేచి స్వామి చుట్టూ అల్లుకుంటుంటే ఆడవాళ్ళు రెండు చేతులా అందుకొని కళ్ళకు అద్దుకున్నారు, ఒకాయన మనవణ్ణి ఎత్తి ఆ పొగలో ముంచాడు. వైరు తొడుగు కాలిన పొగను మహాప్రసాదంగా పీల్చిన భక్తజనం చరిత్రలో మరెక్కడా లేదు, నేను వెతికాను. తరవాత ప్రభ ఒక్కసారిగా ఆరిపోయింది, ఊరి పితృదేవతలందరూ ఒకేసారి రెండోమారు కాలం చేశారు, ఏడుపులు. చీకట్లో ఎవరో బకెట్టుతో నీళ్ళు, అవి నా ఒళ్ళో. అప్పుడు వచ్చింది బొలెరో. పిలవకుండా, సిద్ధంగా, పైన క్యారియరుతో సహా. స్వామిని దించి దానిమీదికి ఎక్కించారు. నా తల మీది పరివట్టాన్ని, తడిసినదాన్ని, ఎవరూ విప్పలేదు. అర్చకుడు ఇంకో కొత్తది తెచ్చి వాడికి కట్టాడు. రెండో పరివట్టం సిద్ధంగా ఎందుకుంది? బొలెరోకు క్యారియరు ఎందుకుంది? ఆ ఉదయం నా కారుకు పూలు కట్టే నెపంతో చేత కత్తెర పట్టుకొని బానెట్టు దగ్గర తచ్చాడినవాడు ఎవడు? చరిత్రకారుడికి శాసనం దొరకనక్కర్లేదు, లాభం ఎవరికన్నది చూస్తే చాలు.

చెప్పాను. దాచుకోలేదు. సమితిలో చెప్పాను, మంగలి షాపులో చెప్పాను, మండికల్లులో ఎవరి పెళ్ళికో వెళ్ళి తాంబూలం తీసుకుంటూ పెళ్ళికొడుకు తండ్రికి చెప్పాను, బస్సులో పక్క సీటువాడు కోలారు మనిషైనా చెప్పాను: కత్తెర, బానెట్టు, బొలెరో. ఏడాది పొడుగునా నా ఉపన్యాస పరంపర నడిచింది, కాలేజీలో ఎన్నడూ రానంత శ్రద్ధగా విన్నారు. అంబుజ, నా సహధర్మచారిణి, ఒక రోజు కందిపప్పు ఏరుతూ తలెత్తకుండా అన్నది: "నువ్వు కారును అంత ఇష్టంగా ఎన్నడూ నడపలేదు, వాణ్ణి తిట్టేటప్పుడు నీ మొగం చూసుకో, పెండ్లికొడుకు మాదిరి ఉండాది." ఇంటివాళ్ళకు పురాతత్త్వం మీద గౌరవం ఉండదు. కానీ వాడు, ఆ అనిరుద్ధ, ఒక్క మాట బదులు పలకలేదు. వాడు బాగేపల్లి చుట్టుపక్కల బోర్లు వేయించే వ్యాపారి, వెయ్యి అడుగుల బండలోకి దిగి నీళ్ళు లేవని తేలినా రైతు ఎదుట మొహం మార్చనివాడు. నా ఎదుట ఎందుకు మారుస్తాడు? గుడిలో కనిపిస్తే "బాగుండావా అన్నా" అంటాడు. బాగుండావా! మౌనం అర్ధాంగీకారమన్నారు, వాడిది సంపూర్ణాంగీకారం, పైగా పలకరింపుతో కూడినది.

"అన్నా, టీ తాగుతావా? చక్కెర లేకుండానే చెప్పించినా." కుర్చీలోంచి లేచాడు. నా రక్తంలో చక్కెర సంగతి వీడికెవరు చెప్పారు? అంబుజే. ఇంట్లోనే గూఢచారులు. "నాకొద్దు." "ఇది పిళ్ళప్ప అంగడి టీ కాదులే, ఎదురంగడిది." "నీ చేతిది వద్దు అంటాండా." "గ్లాసు వాళ్ళదే అన్నా" అని, నవ్వకుండా, గ్లాసును కిటికీలోంచి డ్యాష్‌బోర్డు మీద పెట్టి పోయాడు. ఆవిరి లేస్తున్నది. ఏలకుల వాసనలాంటిదేదో. తాగను. డ్యాష్‌బోర్డు మీద, ఇనుము మీద, నాన్న కారు మీద వాడి టీ. పిళ్ళప్ప చేయి గాలిలోకి లేచి తడుముతూ ఆ గ్లాసును పట్టుకొని డ్యాష్‌బోర్డు కిందికి తీసుకుపోయింది, జుర్రుమన్న శబ్దం. ఇప్పుడు వాడు, అనిరుద్ధ, షెడ్డు మూలకు నడిచాడు. పాత వైరింగు కుప్ప దగ్గర. చెప్పు కొనతో కదిలిస్తున్నాడు. వంగాడు. ఏదో వెతుకుతున్నాడు. చూశావా? నేరస్థుడు నేరస్థలానికి! కత్తెర గాటు పడిన తీగ అందులో ఎక్కడో ఉంది, దాన్ని మాయం చేయాలి వీడికి. లేచి పట్టుకుందామంటే "తొక్కి పట్టుకోండి మేష్ట్రే, ఇడవద్దండి" అంటున్నాడు కింది నుంచి, ఇడవద్దండి, ఇప్పుడే ఇడవకూడదు, నా కుడికాలు స్వామి కైంకర్యంలో ఇరుక్కుంది, సాక్ష్యం నా కళ్ళ ముందే చేతులు మారుతున్నది, వాడు ఏదో చిన్నదాన్ని తీసి అరచేతిలో పెట్టుకొని చూసి గుప్పిట మూశాడు. ఆ క్షణాన నా కాలు బ్రేకు మీద లేదు, వాడి మెడ మీద ఉంది.

రామచంద్రప్ప స్కూటరు వచ్చింది. హెల్మెటు తీయకుండానే మాట్లాడే మనిషి. "ఏం సార్, స్వామి రథం రెడీనా? ప్రెస్సువాడు ఫోను మీద ఫోను చేస్తాండాడు, పొద్దు మునిగేలోపల నేను చిక్కబళ్ళాపురంలో ఉండల్ల." పిళ్ళప్ప కింది నుంచి పుట్టలోంచి వచ్చినట్టు వచ్చాడు, మొహం నిండా మసి. ప్రభను గోడకు ఆనించి ఉంచారు, దాని తీగను కారుకు తగిలించాడు. నా చేయి స్విచ్చు మీద. మొదట కారు దీపాలు: వెలిగాయి, ముందువీ వెనకవీ, షెడ్డు గోడ మీది పాత క్యాలెండరు తెల్లబోయింది. డ్యాష్‌బోర్డు మీటర్లు, నాన్న పోయినప్పటి నుంచి గుడ్డిగా ఉన్నవి, పచ్చగా కళ్ళు తెరిచాయి. వైపరు కూడా కదిలింది, ఆకాశంలో మబ్బు లేకపోయినా. రామచంద్రప్ప "ఆహా" అన్నాడు. నేను అనిరుద్ధ వైపు చూడలేదు, చూడకుండానే చూశాను. ఇప్పుడు స్వామిది. స్విచ్చు వేశాను. ప్రభ వెలిగింది, అన్ని బల్బులూ, అందరి పెద్దవాళ్ళూ, ఈ కొస నుంచి ఆ కొసకు, మిట్టమధ్యన మా నాన్న పేరు, రోడ్డు మీద పోయే ముసలమ్మ నిలబడి దండం పెట్టింది, నా తల చుట్టూ పట్టు బిగుసుకున్నట్టే ఉంది, తీర్థం నాలుక మీద పడినట్టే ఉంది, పడేలోపల చిటుక్కుమంది. చిన్న చప్పుడు, గోరు విరిగినంత. ప్రభ ఆరిపోయింది.

ఫ్యూజు పోయింది. పిళ్ళప్ప ఇంకోటి వేశాడు, అదీ పోయింది. "లోడు ఎక్కువ మేష్ట్రే. ఇన్ని బల్బులకు లావు వైరు, అంత కరెంటు మోసే రిలే వెయ్యల్ల. రిలే రేపు వస్తాది." రేపు! రేపటికి పత్రిక అచ్చయి పసుపు పూసుకొని ఇంటింటికీ తిరుగుతుంటుంది. "లేదంటే సగం బల్బులు పీకేయండి, ఇబ్బుడే వెలుగుతాది." రామచంద్రప్ప హెల్మెటు తీశాడు, మొదటిసారి. "పీకేది ఎవురి తాతనప్పా? మీ తాతనా, మా తాతనా? ఒగ బల్బు తీస్తే ఊళ్ళో తలకాయలు పగుల్తాయి." నిజమే. పీకగలిగిన బల్బు నాకు ఒక్కటే, అది మా నాన్నది, ఒక్కటి చాలదు. జీవితమంతా మాటలతో బతికినవాణ్ణి, స్టీరింగు పట్టుకొని చేపలాగా నోరు తెరిచి మూశాను. అప్పుడు వచ్చాడు వాడు, కిటికీ దగ్గరికి, గుప్పిట తెరిచాడు. పాత ఫ్యూజు. మసిబారిన చిన్న గొట్టం, దాని చుట్టూ నల్లబడిన పోగులు గట్టిగా చుట్టి ఉన్నాయి, గోటితో గీకితే లోపల ఇంకా మెరుస్తున్నది. జరీ.

"పెద్దనాయన చుట్టింది ఇది" అన్నాడు. "తిరునాళ్ళ పొద్దు ఊరికూరికే ఫ్యూజు పోతానే ఉండె. ఒగ యేడు వైరుముక్క దొరక్క పరివట్టం అంచు జరీ పీకి చుట్టె. దాని తరవాత యెబ్బుడూ పోలేదు. నేనే టార్చి పట్టుకోనింటి." పిళ్ళప్ప గొట్టాన్ని తీసుకొని వెలుగులో తిప్పి చూసి, నా వైపు చూసి, ఆ పైన మర్యాదగా రోడ్డు వైపు చూశాడు. పోదు. ఎట్లా పోతుంది? చావవలసినది చావకుండా కట్టాడు నాన్న, శుద్ధమైన వెండి జరీతో. ప్రతి ఏడూ పెద్దవాళ్ళు ఒక్కొక్కరు వచ్చి చేరుతుంటే అది చావలేదు, దాని బదులు కారు కాలింది. కత్తెర లేదు. బానెట్టు దగ్గర పూలే. మంగలి షాపు, మండికల్లు పెళ్ళి, కోలారు బస్సు, నా పరంపర అంతా నూలు తొడుగు తీగలాగా లోపల్లోపల వేడెక్కింది. "మరి యేడాది నుంచీ ఎందుకు చెప్పలేదురా?" "నువ్వు అడిగితివా అన్నా? ఊరంతా చెప్తాంటివి. నేనూ వింటాంటి." ఎంత మెత్తగా అన్నాడు! ఏడాది పాటు ఇది దాచుకొని, నేను నోరు విప్పిన ప్రతిసారీ ఎదుట కూర్చొని బాగుండావా అన్నా అని, ఒక్కొక్క మాటతో నేను ఎంత లోతు దిగుతానో అడుగులు కొలుస్తూ, నీళ్ళు పడవని తెలిసీ బోరు ఆపకుండా. వీడిలాంటి శత్రువు మా వంశానికి దొరకడం మా పూర్వపుణ్యం. నేను వీణ్ణి ఎంత తక్కువగా ద్వేషించాను!

ఇంకా అయిపోలేదు. వాడు మెడలోని పరివట్టం తీశాడు, అంచు పట్టుకొని సర్రున ఒక పోగుల గుత్తి లాగాడు, నిరుటిది, కొత్త జరీ, పసుపు పచ్చగా పాము కుబుసంలాగా వేళ్ళ మధ్య వేలాడింది. "చుట్టు. వెలుగుతాది. నీ పేరే వేయించుకో." రామచంద్రప్ప గడియారం చూసుకున్నాడు. ఆయనకు కావలసింది వెలుగు, వెలుగు ఎట్లా వచ్చిందన్నది ప్రూఫులో ఉండదు. చేయి చాచాను. నిజం చెప్పాలంటే చేయి తనంతట తానే చాచుకుంది, దానికి వంశమర్యాద తెలియదు, పట్టు స్పర్శ తెలుసు. చుడితే వెలుగుతుంది, ఐదు నిమిషాలు, అచ్చుకు అది చాలు. రేపు రిలే వేయించుకోవచ్చు, ఎవరికీ తెలియదు, వాడికి తప్ప. వాడికి తప్ప. బతికినన్నాళ్ళూ తీర్థం నా దోసిట్లో పడిన ప్రతిసారీ వరస వెనక నుంచి ఒక జత కళ్ళు, నా తల మీది గుడ్డలో వాడి పోగు. ఇది దానమా, ఉరితాడా, వాడికే తెలియకపోవచ్చు. నిజంగానే ఇస్తున్నాడేమో, అదే భరించలేనిది, నిజంగానే ఇస్తుంటే నేనేం చేయాలి? నాన్నైతే చుట్టేవాడు. నవ్వుతూ చుట్టేవాడు, జంధ్యంతో ముడి వేసేవాడు. కొత్త తీగలు, గోధుమ, నీలం, ఆకుపచ్చ, నా మోకాళ్ళ ముందు ఇంకా ప్లాస్టిక్ వాసన వేస్తున్నాయి, ఎవరి పాపమూ ఇంకా మోయనివి. నా వేళ్ళు వాడి అరచేతికి అంగుళం దూరంలో ఆగాయి, ఆ అంగుళాన్ని నేను దాటలేదు, ధర్మం వల్ల కాదు, ఒట్టి పగ వల్ల. ఆ పూటకు రెండింటి మధ్యా నాకు తేడా కనబడలేదు.

"పిళ్ళప్పా, ప్రభ తీగ తీసేయి." "తీసేదా?" "తీసేయి. బానెట్టు మూయి." అనిరుద్ధ మొహం మారింది. వెయ్యి అడుగులకూ మారని మొహం, కనురెప్ప ఒక్కటి, ఒక్కసారి. అది చాలు నాకు. "రామచంద్రప్పా, రాసుకో. వాహన సేవ, చిరంజీవి అనిరుద్ధ." పెన్ను ఆగింది. "చిరంజీవా? ఈయనకు అరవై దగ్గరికొచ్చినాయి కదా సార్, మనవరాలు బడికి పోతాండాది!" "పెద్దోణ్ణి నేను బతికుండంగ వానికి శ్రీ ఎట్ల వేస్తారప్పా? చిరంజీవనే వేయించు." రాసుకున్నాడు. రాసుకొని, సంచి మూసి, నోరు ఊరుకోక, "అయితే సార్, కత్తెర కత్తెర అని మీరు యేడాదంతా చెప్పింది..." అన్నాడు. ఆ వాక్యం పూర్తి కాకముందే నేను స్టార్టరు లాగాను. ఒక్క లాగుకు అందుకుంది, ఏనాడూ ఎరగని విధేయతతో, గర్జించింది. పిళ్ళప్ప పనితనానికి నేను చెల్లించిన ఏకైక ప్రశంస అతనికి వినబడలేదు. బొలెరో దారికి అడ్డంగా ఉంది. హెడ్‌లైట్లు రెండూ నిండుగా వేశాను, వాడి కళ్ళలోకి. వాడు చేయి అడ్డం పెట్టుకున్నాడు, జరీ పోగులు ఇంకా ఆ చేతిలోనే, నిలబడ్డాడు, ఏదో అన్నాడు, అన్నా అన్నట్టుంది, నేను క్లచ్చు తొక్కి గేరు వేశాను, ఈసారి సరైనదాన్నే. వాడు బొలెరో వెనక్కి తీశాడు.

చేలూరు రోడ్డు మీద ఎండ ఇంకా తీక్షణంగానే ఉంది. పట్టపగలు దీపాలతో పోతున్న కారును చూస్తే మా ఊళ్ళో ఎవరూ ఊరుకోరు, అది ఇక్కడి జనానికున్న ఏకైక నిస్వార్థ గుణం. ఎదురొచ్చే ఆటోవాడు చేయి బయటికి పెట్టి వేళ్ళు ముడిచి విప్పుతాడు, లైటు, లైటు. టమాటా బుట్టల టెంపో మీది మనిషి నిలబడి రెండు చేతులూ ఎత్తి ముడిచి విప్పుతాడు. బస్టాండు ముందు పూలమ్మే ఆమె, "అప్పా, లైటు వెలుగుతాండాది!" అని కేకేస్తుంది, ఆమె పక్కన కళాయిలో బోండాలు తిప్పే మనిషి జల్లిగరిటె పైకెత్తి ఊపుతాడు. బాగేపల్లి బస్సు డ్రైవరు అంత ఎత్తు నుంచి ఒక కన్ను మూసి తెరుస్తాడు. పైకప్పు మీద ఖాళీ పీఠం గడగడలాడుతున్నది, నా తల మీద గాలి తప్ప ఏమీ లేదు. ఈ ఊళ్ళో ఇంతమంది నాకు చేయెత్తి చాలా కాలమైంది. అందరికీ తల వంచుతున్నాను, ఎవరి కోసమూ లైటు ఆర్పడం లేదు.